ఉపవాసమేనా, పెద్దమ్మా?

తాడేపల్లిగూడెం,
22 జూన్ 2003.

ప్రియమైన సుమయ్యా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ ఉన్నది కొట్లో. దాంట్లో నేను మాట్లాడితే గుమస్తా బంగార్రాజు చెవులు రిక్కిస్తాడు, బెల్లం కొనడానికొచ్చినవాళ్ళు బేరం ఆపి మరీ వింటారు. బెల్లం కొట్టు షావుకారు భార్యకి షుగరట అని ఊరంతా చెప్పుకోవడానికి ఒక్క పూట చాలు. ఎంత నామర్దా! అందుకే ఈ కాగితం, కలం.

మీ ఏలూరు ఆస్పత్రిలో ఆ పరిశోధనలో చేరి మంచిపని చేశానన్నారు మీ పెదనాన్నగారు. ఆయన ఒక మాట అన్నారంటే విశేషమే, మామూలుగా బెల్లం కొట్టిన రాయి కదా. కొత్త మాత్ర మేలా, పాత మాత్ర మేలా అని తేలుస్తారనీ, మేము ఇచ్చే రక్తం వల్ల రేపు ఎంతోమందికి వైద్యం కుదురుతుందనీ నువ్వు చెబుతుంటే నాకు ఒళ్ళు పొంగింది. ఈ వయసులో నేను ఒకరికి పనికొస్తానని ఎవరన్నారమ్మా ఇన్నాళ్ళూ?

ఒక్కటే బాధ. ఆ తూకం యంత్రం హాలు మధ్యలో ఎందుకు పెట్టారు? బెల్లం దిమ్మలు తూచుకుని బతికే ఇల్లు మాది. అలాంటిది నేనే వెళ్ళి కాటా ఎక్కితే, ఆ నర్సు నా బరువు గట్టిగా చదివింది. అత్తిలి నుంచి వచ్చిన రైతు నరసరాజుగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. మర్యాదస్తుడు. ఆ మర్యాదకే నాకు ఇంకా సిగ్గేసింది. వచ్చేసారి దాన్ని ఏ తెర వెనకన్నా పెట్టించు.

నువ్వు తెలుగులో రాసిచ్చిన సూచనల కాగితం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. "రక్తపరీక్షకు ముందు రాత్రి నుంచి ఉపవాసంతో రావలెను." ఎంత ముచ్చటగా రాశావే! మీ నాన్న హసన్ మా వెనక వాటాలో మిషను కుట్టుకుంటుంటే, నువ్వు మా అరుగు మీద పలక పట్టుకుని "ఋ" రాయడం రాక ఏడ్చేదానివి. నా చెయ్యి పెట్టి దిద్దించాను. ఆ చెయ్యే ఇవాళ ఆస్పత్రి కాగితాలు రాస్తోంది.

ఉపవాసం గురించి నాకు చెప్పాలా? కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ శనివారం తప్పలేదు. మొన్న కూడా రాత్రి నుంచి మెతుకు ముట్టకుండా పొద్దున్నే పాసింజరు ఎక్కాను. నా వల్ల నీ పరిశోధనకి ఏ లోటూ రాదు.

నాన్నని అడిగానని చెప్పు.

దీవెనలతో,
మీ రత్నాంబ పెద్దమ్మ

*

ఏలూరు,
6 జులై 2003.

ప్రియమైన పెద్దమ్మగారికి,

మీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. "ఆ తల్లి చేతి రాత ఇంకా ముత్యాలే" అన్నారు. తూకం యంత్రాన్ని కిటికీ దగ్గరికి జరిపించాను. తెర సంగతి డాక్టర్ చలపతిరావుగారిని అడుగుతాను.

కాగితం గురించి మీరు రాసిన మాటలు చదివి గాల్లో తేలిపోయానండీ. నిజం చెప్పనా? మా నర్సు "పరగడుపున" అని రాయమంది. మరీ పల్లెటూరి మాటలా ఉంది, ఆస్పత్రి కాగితానికి నిండుగా ఉండాలని నేనే "ఉపవాసంతో" అని మార్చాను. డాక్టరుగారు కూడా బాగుందన్నారు. మీరు కూడా మెచ్చుకున్నారంటే ఇంకేం కావాలి!

మీ మొదటి పరీక్ష ఫలితం వచ్చింది. కొంచెం ఎక్కువగానే ఉంది, కంగారు పడకండి. మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. మాత్ర వేసుకోవడం మానకండి, సాయంత్రం కాసేపు నడవండి, తీపి జోలికి పోకండి. రక్తంలో చక్కెర ఎంతుందో చూశాకే మందు మోతాదు పెంచడమా తగ్గించడమా అన్నది డాక్టరుగారు నిర్ణయిస్తారు. అందుకే ఉపవాసం మాత్రం తప్పకండి, అదొక్కటే నా మనవి.

మీరు చేరినందుకు నాకెంత ధైర్యంగా ఉందో. మా పరిశోధనలో నా మనిషి ఒకరున్నారు అనిపిస్తోంది.

మీ పలక పిల్ల,
సుమయ్య

*

తాడేపల్లిగూడెం,
18 సెప్టెంబర్ 2003.

సుమయ్యకి,

మొన్న ఆస్పత్రి హాల్లో జరిగింది నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు.

నా పేరు పిలిచావు. వచ్చాను. కాగితం చూసి, "మళ్ళీ పెరిగింది పెద్దమ్మా, రెండు వందలు దాటింది. ఉపవాసమేనా?" అన్నావు. ఉపవాసమేనమ్మా అన్నాను. నువ్వు నవ్వి, "బెల్లం కొట్టువారింట్లో ఉపవాసం ఎలా ఉంటుందో నాకు తెలియదా!" అన్నావు. అందరూ నవ్వారు. మందుల కిటికీ దగ్గరున్న కుర్రాడు కూడా నవ్వాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని నోరెత్తలేదు నేను. కళ్ళనీళ్ళు తిరుగుతుంటే పైటతో కళ్ళజోడు తుడుచుకుని వచ్చేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. కొట్టుకి ఫోన్ చేశావట. "పెద్దమ్మ చాటుగా తీపి తింటున్నట్టుంది, కాస్త కనిపెట్టి ఉండండి" అన్నావట. ఫోన్ ఎత్తింది బంగార్రాజు. వాడు గల్లాపెట్టె దగ్గర్నుంచే మీ పెదనాన్నగారికి కేకేసి చెప్పాడు. కొట్లో అప్పుడు ఎంతమంది ఉన్నారో నేను అడగలేదు. అడిగి ఏం చేసుకోను?

ఆ సాయంత్రం ఆయన ఇంట్లోకొచ్చి చెయ్యి చాచారు. ఎందుకండీ అన్నాను. "సామాన్ల గది తాళం" అన్నారు. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు మా అత్తగారు తన బొడ్లోంచి తీసి నా బొడ్లో దోపిన తాళాల గుత్తి అది. బెల్లం, నెయ్యి, పప్పులు, పండక్కి దాచిన జీడిపప్పు అన్నీ దాని కిందే. గుత్తిలోంచి ఆ ఒక్క తాళం తీసి ఇచ్చాను. ఇప్పుడది కోడలు నిహారిక దగ్గరుంది. పాపం, అది మంచి పిల్ల. పోపు గింజలు కావాల్సొచ్చి నేను వెళ్ళి అడిగితే, దాని మొహం మాడిపోతోంది నాకంటే ముందు. గది తీసి, నేను బయటికొచ్చేదాకా గుమ్మంలో అటు తిరిగి నిలబడుతుంది. నా ఇంట్లో నేను దొంగనయ్యాను సుమయ్యా.

నేను తినలేదు. ఉపవాసం తప్పలేదు. వెంకటేశ్వరస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇంతకంటే నాకు చెప్పడం చేతకాదు.

రత్నాంబ

*

ఏలూరు,
23 సెప్టెంబర్ 2003.

పూజ్యులైన పెద్దమ్మగారికి,

మీ మనసు కష్టపెట్టినందుకు బాధగా ఉందండీ. హాల్లో నేనన్నది సరదాకి, చనువు కొద్దీ అన్నమాట. పరాయివాళ్ళనైతే అంటానా? పెదనాన్నగారికి చెప్పింది కూడా మీ మేలు కోరే.

కానీ ఒక్కటి చెప్పాలి. యంత్రానికి మీరెవరో నేనెవరో తెలియదు. దానికి మొహమాటం లేదు. రాత్రి నుంచి ఏమీ తినని మనిషి రక్తంలో అంత చక్కెర ఉండటానికి వీల్లేదని డాక్టరుగారే అన్నారు. తీపి మీద మనసు పోవడం తప్పేమీ కాదు పెద్దమ్మా, జబ్బు లక్షణమే అది. ఒప్పుకుంటే వైద్యం సులువవుతుంది. మీ ఒక్కరి సంగతే కాదు, ఇంకా కొందరు ఇలాగే ఉన్నారు. అబద్ధాలు చెప్పేవాళ్ళ వల్ల మొత్తం పరిశోధనే పాడవుతుందని పై నుంచి మమ్మల్ని కోప్పడుతున్నారు.

డాక్టరుగారు మీ మోతాదు పెంచారు. ఇక మీదట పెద్ద మాత్ర ఉదయం, సాయంత్రం రెండు పూటలా వేసుకోవాలి. తప్పకుండా వేసుకోండి.

కోపం తగ్గాక జవాబు రాయండి.

మీ
సుమయ్య

*

మండవల్లి,
6 నవంబర్ 2003.

సుమయ్యకి,

మా చెల్లెలు వరలక్ష్మి ఇంటి నుంచి రాస్తున్నాను. వాళ్ళ చేపల చెరువు గట్టు మీదే ఇల్లు. కార్తీకమాసం ఇక్కడ గడుపుదామని వచ్చాను. నిజం చెప్పాలంటే, మా ఇంట్లో ఆ గది ముందు నుంచి నడవలేక వచ్చాను.

మీ మందు మానలేదు. రెండు పూటలా పెద్ద మాత్ర వేసుకుంటున్నాను. తిండి మాత్రం బాగా తగ్గించేశాను. పిడికెడు అన్నం, మజ్జిగ. ఈసారన్నా మీ యంత్రం నన్ను నమ్ముతుందేమోనని.

సోమవారం ఉపవాసం పట్టాను. కార్తీక సోమవారమంటే శనివారం ఉపవాసంలా కాదు కదా, నక్షత్రం చూసేదాకా ఏమీ ఉండదు. తెల్లవారి స్నానం చేసి, మాత్ర వేసుకుని, శివాలయానికి వెళ్ళొచ్చాను. మధ్యాహ్నం చెరువు గట్టు మీద పిట్టల్ని చూస్తూ కూచున్నాను. చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. నీళ్ళల్లో పిట్టలు రెండేసి కనపడ్డాయి. లేచి ఇంట్లోకి వెళ్దామనుకుని అక్కడే పడిపోయాను.

మేత బస్తాలు దింపుతున్నవాళ్ళు కేకలేస్తే వరలక్ష్మి పరిగెత్తుకొచ్చింది. మా మరిది గ్లాసులో పంచదార నీళ్ళు తెచ్చి నోటి దగ్గర పెట్టారు. నాకు లీలగా తెలుస్తోంది, అది పంచదార నీళ్ళని. పళ్ళు బిగించేశాను. "వద్దు, తినకూడదు, సుమయ్య రాసుకుంటుంది" అన్నానట. వరలక్ష్మి గడ్డం పట్టుకుని బతిమాలిందట. "నేను తినలేదు, నేను తినలేదు" అంటూనే ఉన్నానట. చివరికి నా దవడ విడదీసి చిగుళ్ళకి పంచదార రాసింది. కాసేపటికి మనిషినయ్యాను. ఇక్కడి డాక్టరు వచ్చి, షుగరు బాగా పడిపోయింది, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు అన్నాడు.

ఇది నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. సోమవారం మధ్యాహ్నం నేను పంచదార తిన్నాను. నా అంతట నేను తినలేదు గానీ, కడుపులోకి వెళ్ళింది. మీ లెక్కలో రాసుకో. దాచడం నాకు అలవాటు లేదు.

ఇక ఏలూరు రాలేనేమో. నా పేరు తీసేస్తే ఏమీ అనుకోను.

రత్నాంబ

*

ఏలూరు,
10 నవంబర్ 2003.

ప్రియమైన పెద్దమ్మగారికి,

మీ ఉత్తరం అందిన రోజే మీ చెల్లెలుగారి పక్కింటి ఫోన్‌కి చలపతిరావుగారే చేసి, పెద్ద మాత్ర పూర్తిగా ఆపేయమని మీ మరిదిగారికి చెప్పారు. ఆపారు కదూ? ముందు ఆ సంగతి ఒక్క ముక్క రాయించండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

మీ ఉత్తరం నాకు హాల్లో అందింది. "సుమయ్య రాసుకుంటుంది" అన్న చోట ఆగిపోయాను. కళ్ళు కనపడలేదు. అప్పుడే మరియంబీ అనే పెద్దావిడ రక్తమివ్వడానికి వచ్చింది. మాకు రంజాన్ నెల కదండీ, రోజా ఉండేవాళ్ళని పండగయ్యాక రమ్మన్నాం. ఆవిడ వినకుండా వచ్చేసింది. కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ "ఉపవాసమేనా నానమ్మా?" అన్నాను.

"రంజాన్‌లో అదేం ప్రశ్నమ్మా? ఉపవాసమే మరి."

"సహరీకి ఏం తిన్నారు?"

"కోడలు పరోటాలు చేసింది. ఇంత పాయసం కూడా తాగాను. సాయంత్రం దాకా ఉండాలి కదా!"

తెల్లవారుజామున అంత తిని, పొద్దున రక్తమిస్తూ, ఉపవాసమే అంటోంది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నేనూ అదే సహరీ తిని, అదే రోజాలో ఉన్నాను. నవ్వబోయాను. చేతిలో మీ ఉత్తరం ఉంది. "శనివారం ఉపవాసంలా కాదు కదా" అని మీరు రాసిన మాట కనపడింది.

శనివారం ఉపవాసం ఎలా ఉంటుంది పెద్దమ్మా? ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? శనివారం వచ్చిందంటే మీ వంటింటి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని కూచునేదాన్ని. "ఇవాళ నాకు ఉపవాసమే, అన్నం లేదు" అంటూ పెసరట్లు వేసేవారు. మొదటి పెసరట్టులో మొదటి ముక్క నాకే పెట్టేవారు. చక్కెరకేళి ఒలిచి సగం నాకిచ్చి, సగం మీరు తినేవారు. ఉపవాసమంటే అన్నం మానడమని మీ ఒళ్ళో కూచుని నేర్చుకున్నదాన్ని. ఆ నేనే కాగితం మీద "ఉపవాసంతో రావలెను" అని రాశాను. మీరు నేను రాసింది రాసినట్టు చేశారు. మెతుకు ముట్టకుండా, పెసరట్టో పండో తిని బండెక్కారు. అవునా?

రక్తం తీసే ముందు "ఏమైనా తిన్నారా?" అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. నేనడిగింది "ఉపవాసమేనా?" అని. అందరూ నిజమే చెప్పారు. ఆ నిజాన్ని పట్టుకుని నేను మిమ్మల్ని దొంగని చేశాను. తిండి మీద వచ్చిన అంకె చూసి మందు పెంచాం. ఆ మందుతో మీరు పస్తున్నారు. ప్రాణం మీదికి వచ్చినా పంచదార వద్దన్నారంటే, అది నా నోటి మాట వల్లే. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఆ సాయంత్రం రోజా విడవడానికి ఇఫ్తార్‌కి కూచుని ఖర్జూరం నోట్లో పెట్టుకోలేకపోయాను. నాన్న ఏమైందని అడిగితే చెప్పాను. "ఆ ఇంటి తిండి తిన్నావు నువ్వు" అన్నారు, అంతే.

డాక్టరుగారికి అప్పుడే చెప్పాను. పరిశోధనని కనిపెట్టి ఉండే కమిటీకి ఆ రోజే రాశారు. పెంచిన మోతాదులన్నీ తగ్గించారు, ఒక్కొక్కరినీ పిలిచి మళ్ళీ పరీక్షలు చేస్తున్నాం. ఇన్ని నెలల అంకెలు పనికిరాకుండా పోయినట్టే. రోగులకి మాత్రం "పద్ధతి మారింది" అని చెబితే చాలన్నారు ఆయన. అసలు సంగతి తెలిస్తే భయపడి అందరూ మానేస్తారని. నేను సరేనన్నాను.

నన్ను క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు.

మీ సుమయ్య

*

మండవల్లి,
14 నవంబర్ 2003.

సుమయ్యా,

మాత్ర ఆపాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది.

అవును, తిన్నాను. రెండు పెసరట్లు, ఒక చక్కెరకేళి, గ్లాసుడు పాలు. ప్రతిసారీ అంతే. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఉపవాసమంటే అదే కదా అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక వరలక్ష్మీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఏడ్చావని రాశావు. ఆ ఏడుపు నేనొక్కదాన్నే చదివాను. ఆ రోజు నవ్వింది హాలంతా. ఫోన్‌లో మాట విన్నది కొట్టంతా. నలుగురిలో పోయిన పరువు నాలుగు గోడల మధ్య తిరిగొస్తుందా అమ్మా? నువ్వు చాటుగా నా కాళ్ళు పట్టుకున్నా, నిహారిక గుమ్మంలో అటు తిరిగి నిలబడటం మానదు.

ఇంకో మాట. "ఇంకా కొందరు ఇలాగే ఉన్నారు" అని రాశావు అప్పుడు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరెవరు ఎవరి తాళాలు లాక్కున్నారో! పద్ధతి మారిందంటే వాళ్ళకేం తెలుస్తుంది? తాము దొంగలమనే అనుకుంటూ పోతారు చచ్చేదాకా.

ఏ హాల్లో అన్నావో ఆ హాల్లోనే చెప్పు. చెప్పగలిగితే కబురు చెయ్యి, వస్తాను. లేదంటే ఉత్తరాలు ఇక్కడితో ఆపేద్దాం.

రత్నాంబ

*

ఏలూరు,
20 నవంబర్ 2003.

పెద్దమ్మగారికి,

పండగ వెళ్ళాక శనివారం, 29వ తేదీ పొద్దున్న అందరినీ రమ్మన్నాం, కొత్త కాగితాలివ్వడానికి. ఆ రోజు చెబుతాను. డాక్టరుగారిని అడిగాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. "నీ ఉద్యోగం సంగతి నా చేతిలో లేదమ్మా, పైవాళ్ళున్నారు" అన్నారు. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కోవలసిందీ నేనే.

భయంగా ఉందండీ. మీరు మాత్రం రండి. ముందు వరసలో కూచోండి.

సుమయ్య

*

తాడేపల్లిగూడెం,
2 డిసెంబర్ 2003.

ప్రియమైన సుమయ్యా,

మొన్న హాల్లో నీతో మాట్లాడకుండా వచ్చేశానని బాధపడుతున్నావట, హసన్ ఫోన్ చేసి చెప్పాడు. మాట్లాడితే ఏడ్చేస్తానని వచ్చేశాను. ఒకే హాల్లో రెండుసార్లు ఏడవడం నాకు ఇష్టం లేదు.

నువ్వు ఆ తూకం యంత్రం పక్కన నిలబడ్డావు. "రత్నాంబగారు బెల్లం తినలేదు" అన్నావు. అంతే, ఆగిపోయావు. హాలంతా నా వైపు తిరిగింది. నా పక్కన మీ పెదనాన్నగారు కూచుని ఉన్నారు. కార్తీకమాసం అయ్యాక ఇంటికొచ్చేశాను గానీ, నీకు తెలుసా, ఆయన్ని నేను రమ్మనలేదు. పొద్దున్నే చొక్కా వేసుకుని స్టేషనుకి నా వెనకే నడిచొచ్చారు. నువ్వు మళ్ళీ నోరు విప్పావు. తప్పుమాట నేను రాశాను, నిజం చెప్పినావిడని నలుగురిలో నవ్వులపాలు చేశాను, ఆవిడ ప్రాణం మీదికి తెచ్చాను అని ఒక్కొక్కటే చెప్పావు. సాకు ఒక్కటి కూడా చెప్పలేదు. నీకు అక్షరాలు దిద్దించినందుకు ఆ రోజు నాకు తృప్తి కలిగింది.

నువ్వు ఆగాక, మాతోపాటే రక్తమిచ్చే అబ్రహాంగారు లేచారు చూడు. నిన్ను తిడతారనుకున్నాను. ఆయన కండువా నలుపుకుంటూ, "మా చర్చిలో ఉపవాస ప్రార్థన అంటే మధ్యాహ్నం భోజనం మానేస్తామండీ. పొద్దున్న ఇడ్లీలు తినే వచ్చేవాణ్ణి ఇక్కడికి. నేను దొంగతనంగా స్వీట్లు తింటున్నానని మా ఆవిడ రోజూ నా చొక్కా జేబులు వెతుకుతోందండీ" అన్నారు. నవ్వబోయి, పెద్దమనిషి, కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తర్వాత అత్తిలి నరసరాజుగారు. అటుకులు, పాలు. ఆయన కొడుకు నెల్లాళ్ళుగా ఆయనతో మాట్లాడటం లేదట, ఒళ్ళు పాడుచేసుకుంటున్నావని. మరియంబీ అయితే పరోటాల సంగతి అంత గట్టిగా చెప్పింది! అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు, అక్కడ ఎవరి పిడికిట్లో చూసినా సిగ్గే. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే అనుకున్నాను.

చివర్లో చలపతిరావుగారు లేచి "తప్పు ఈ అమ్మాయిది ఒక్కదానిదే కాదు, ఆ కాగితం బాగుందని సంతకం పెట్టింది నేను" అన్నారు. ఆయనకది ముందే అనబుద్ధయి ఉంటే బాగుండేది. అన్నారు, అది చాలు. ఒక్కరూ పేరు తీసేయమనలేదట కదా? హసన్ చెప్పాడు. నీ ఉద్యోగం మాట ఇంకా తేలలేదనీ చెప్పాడు. తేలేదాకా దిగులు పడకు. మన చేతిలో ఉన్నది నువ్వు చేశావు.

తిరుగు రైల్లో మీ పెదనాన్నగారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూచున్నారు. పూళ్ళ స్టేషను దాటాక జేబులోంచి సామాన్ల గది తాళం తీసి నా ఒళ్ళో పెట్టారు. పొద్దున్నే నిహారిక దగ్గర అడిగి తీసుకున్నారట, తర్వాత అదే చెప్పింది. అంటే హాల్లో నువ్వు నోరు విప్పకముందే. దాన్ని గురించి ఆయన ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. రాయి కూడా సిగ్గుపడుతుందని అప్పుడే తెలిసింది.

ఇంటికి వచ్చి గది తీశాను. నిహారిక గుమ్మం దాకా వచ్చి, "అత్తయ్యగారూ, పెసలు ఎక్కడున్నాయో చూడరూ" అని లోపలికే వచ్చేసింది. అది వెళ్ళాక నేను ఒక దిమ్మ మీంచి వేలెడు బెల్లం పెచ్చు తీసి నోట్లో వేసుకున్నాను. తినాలని లేదు. నా గదిలో, నా చేత్తో తీసి తినగలనా అని చూసుకున్నాను, అంతే. ఇది కూడా రాసుకో. ఈసారి నిజంగా తిన్నాను.

నిన్ను క్షమించానా అంటే, ఆ మాట రాయడానికి భయంగా ఉంది. అది కూడా ఉపవాసం లాంటి మాటే, నేనొకటి అనుకుని రాస్తే నువ్వొకటి అనుకుని చదువుతావు. ఆ రోజు నవ్వు ఒక్కోసారి ఇంకా చెవిలో పడుతూనే ఉంది. పోతుందిలే, కాస్త టైము పట్టినా. రక్తమివ్వడానికి ఈసారి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా వస్తాను. నువ్వు మాత్రం తిన్నారా అని అడుగు.

వచ్చే శనివారం నువ్వూ హసనూ ఇక్కడికి రండి. ఆ రోజు నాకు ఉపవాసం. పెసరట్లు వేస్తాను, మొదటి ముక్క నీదే.

ఎప్పటిలాగే,
మీ రత్నాంబ పెద్దమ్మ